రేడియోధార్మికతకు రసాయనం చూపే దారి

రేడియోధార్మికత మాట వచ్చినప్పుడల్లా రెండు ప్రశ్నలు ముందుకొస్తాయి. ఎంత ఉంది? ఎన్నేళ్లు ఉంటుంది? యురేనియం గని గురించైనా, అణువిద్యుత్ కేంద్రం గురించైనా, ఆసుపత్రిలో స్కానింగుకు ముందు ఇచ్చే ఇంజెక్షన్ గురించైనా చర్చ ఈ రెండు అంకెల చుట్టూనే తిరుగుతుంది. రెండూ అడగాల్సినవే. కానీ వాటి పక్కన మూడోది ఒకటి ఉండాలి, దాన్ని అడిగేవాళ్లు అరుదు. ఆ పదార్థం ఏ మూలకం, ఏ సమ్మేళనంగా ఉంది? నీళ్లలో కరుగుతుందా, గాలిలో కలుస్తుందా, ఎముకలో పేరుకుంటుందా, మూత్రంలో పోతుందా? ఇది అచ్చంగా రసాయనశాస్త్రం ప్రశ్న. పరమాణు కేంద్రకం ఎప్పుడు క్షయిస్తుందో రసాయనం చెప్పలేదు, ఆ క్షయాన్ని ఆపనూ లేదు. అయితే అది ఎక్కడ ఉండగా క్షయిస్తుందన్నది చాలావరకు రసాయనం చేతిలోనే ఉంది. మనిషికి హాని జరిగినా మేలు జరిగినా ఆ చోటును బట్టే జరుగుతుంది. నూటపాతికేళ్లకు పైబడిన అనుభవం, అందులోని ప్రమాదాలూ వైద్యమూ కలిపి చూస్తే, ఈ మాటకే బలం చేకూరుస్తుంది.

ముందు ఈ వాదనకు ఎదురు నిలిచే సాక్ష్యాన్ని చూడాలి. 1896లో పారిస్‌లో ఆన్రీ బెకరెల్, యురేనియం లవణాల నుంచి వెలువడే కిరణాలు నల్లకాగితంలో చుట్టిన ఫొటో పలకను సైతం నల్లబరుస్తున్నాయని గమనించారు. రెండేళ్లకు మేరీ క్యూరీ ఆ కిరణాల బలాన్ని కొలవడానికి పూనుకున్నారు. అవి సోకిన గాలి కొద్దిగా విద్యుత్తును ప్రసరింపజేస్తుంది, ఆ కొద్దిపాటి ప్రవాహాన్ని సున్నితమైన ఎలక్ట్రోమీటరుతో కొలవవచ్చు. యురేనియం ఆక్సైడుగా ఉన్నా, లవణంగా ఉన్నా, పొడిగా ఉన్నా, ద్రావణంలో ఉన్నా కిరణాల బలం మారలేదు. నమూనాలో యురేనియం ఎంత ఉందన్నదొక్కటే లెక్కకు వచ్చింది. మామూలు రసాయన గుణాలేవీ ఇలా ఉండవు. సోడియం లోహం నీటిలో వేస్తే భగ్గుమంటుంది, అదే సోడియం ఉప్పులో ఉంటే కూరలో వేసుకుంటాం. సమ్మేళనం మారినా చెక్కుచెదరని గుణం పరమాణువు లోపలిదే అయి ఉండాలని క్యూరీ తేల్చారు. పిచ్‌బ్లెండ్ అనే ఖనిజం, అందులోని యురేనియం లెక్కకు మించి కిరణాలు వెదజల్లడం చూసి, మరేదో మూలకం అందులో దాగి ఉందని ఊహించారు. 1898 జులైలో పొలోనియం, డిసెంబరులో రేడియం ఉన్నట్టు ప్రకటించారు. ఇక్కడొక తమాషా ఉంది. రసాయనాన్ని ఏమాత్రం లెక్కచేయని ఆ గుణమున్న మూలకాన్ని పట్టింది రసాయనమే. బొహీమియాలోని యాకిమోవ్ గనుల నుంచి టన్నులకొద్దీ వచ్చిన పిచ్‌బ్లెండ్ పిప్పిలో రేడియం ఎప్పుడూ బేరియం వెంటే పోయేది, ఎందుకంటే ఆవర్తన పట్టికలో రెండూ ఒకే నిలువు వరుసలో పైదీ కిందిదీ. బేరియం, రేడియం క్లోరైడుల మిశ్రమాన్ని కరిగించడం, చల్లార్చి స్ఫటికాలు కట్టించడం, ఆ స్ఫటికాలను ఏరి మళ్లీ కరిగించడం, ఇలా చేసిన పనే చేస్తూ పోతే 1902 నాటికి చేతికొచ్చింది గ్రాములో పదోవంతు రేడియం క్లోరైడు. 1911లో ఆమెకు వచ్చిన రెండో నోబెల్ రసాయనశాస్త్రంలోనే.

కేంద్రకం రసాయనానికి ఎందుకు లొంగదో శక్తి లెక్క చూస్తే తెలుస్తుంది. రసాయన చర్యలన్నీ పరమాణువు అంచున తిరిగే ఎలక్ట్రాన్ల ఇచ్చిపుచ్చుకోళ్లు. బొగ్గు మండినప్పుడు ఒక్కో కార్బన్ పరమాణువు సుమారు 4 ఎలక్ట్రాన్ వోల్టుల శక్తినిస్తుంది. యురేనియం-238 కేంద్రకం నుంచి దూసుకొచ్చే ఒక్క ఆల్ఫా కణం శక్తి సుమారు 42 లక్షల ఎలక్ట్రాన్ వోల్టులు. పది లక్షల రెట్ల తేడా. కేంద్రకంలో ప్రోటాన్లనూ న్యూట్రాన్లనూ కట్టిపడేసే బలం ముందు మన కొలిమి వేడి, ఆమ్లాల కాటు ఏపాటివి? అందుకే రేడియోధార్మిక పదార్థాన్ని కాల్చినా, కరిగించినా, ఆమ్లంలో నానబెట్టినా దాని క్షయం వేగం మారదు. మినహాయింపులు లేవా అంటే ఉన్నాయి, చెప్పకపోతే తప్పు. బెరీలియం-7 కేంద్రకం తన సొంత ఎలక్ట్రాన్‌నే మింగి మారుతుంది కాబట్టి, దాని చుట్టూ ఎలక్ట్రాన్లు ఎలా సర్దుకున్నాయన్నదాన్ని బట్టి క్షయం వేగం కొద్దిగా, శాతం స్థాయిలో, అటూఇటూ అవుతుంది. రీనియం-187 అర్ధాయుష్షు మామూలుగా 4 వేల కోట్ల ఏళ్లకు పైమాటే. దాని ఎలక్ట్రాన్లన్నిటినీ ఊడబెరికి త్వరణ యంత్రంలో తిప్పితే అది 33 ఏళ్ల దాకా పడిపోయింది. కానీ అలా ఒలిచిన పరమాణువు నక్షత్రాల గర్భంలో ఉంటుందేమో గానీ బోరుబావిలోనూ పాలగ్లాసులోనూ ఉండదు. మన లెక్కకు సూత్రం చెక్కుచెదరదు.

ఇక అర్ధాయుష్షు గురించిన ఒక అపోహ తీర్చుకోవాలి. ఒక పదార్థంలోని కేంద్రకాల్లో సగం క్షయించడానికి పట్టే కాలం అర్ధాయుష్షు. యురేనియం-238కి అది 447 కోట్ల ఏళ్లు, అంటే భూమి వయసంత. ఈ అంకెను చర్చల్లో గుండెలదిరేలా చెబుతారు, అన్ని కోట్ల ఏళ్లు విషం చిమ్ముతూనే ఉంటుందన్నట్టు. నిజానికి అర్ధాయుష్షు ఎక్కువంటే క్షయం నెమ్మదని అర్థం. ఒక గ్రాము యురేనియం-238లో సెకనుకు సుమారు 12,400 కేంద్రకాలు క్షయిస్తాయి. అర్ధాయుష్షు 1,600 ఏళ్లే ఉన్న రేడియం-226 గ్రాములో అదే సెకనుకు దాదాపు 3,700 కోట్లు, సుమారు 30 లక్షల రెట్లు ఎక్కువ. 8 రోజుల అర్ధాయుష్షున్న అయొడిన్-131 గ్రాము పక్కన పెడితే రేడియం కూడా చల్లబడ్డ నిప్పే, కాకపోతే ఆ అయొడిన్ 80 రోజులకు వెయ్యో వంతుకు తగ్గిపోతుంది. ఆయుష్షు తక్కువదైతే మంట తీవ్రం, ఎక్కువదైతే మందం. కాబట్టి ఎన్నేళ్లు అన్న ప్రశ్న ఒంటరిగా ఏ జవాబూ ఇవ్వదు. ఆ ఏళ్లలో ఆ పదార్థం ఎక్కడెక్కడికి పోగలదో తెలిస్తేనే అంకెకు అర్థం వస్తుంది.

ఎక్కడికి పోతుందో తెలుసుకోవడం ఎలా? దీనికి జవాబు ఒక వైఫల్యం నుంచి పుట్టింది. 1911 ప్రాంతంలో మాంచెస్టర్‌లోని రూథర్‌ఫర్డ్ ప్రయోగశాలకు గ్యార్గ్ హెవెషీ అనే హంగరీ యువకుడు వచ్చాడు. సీసంలో కలిసిపోయిన రేడియం-డి అనే రేడియోధార్మిక పదార్థాన్ని వేరుచేయమని రూథర్‌ఫర్డ్ పని అప్పగించారు. హెవెషీ తెలిసిన పద్ధతులన్నీ ప్రయోగించాడు, ఒక్కటీ పారలేదు. పారకపోవడానికి కారణం రేడియం-డి అంటే సీసం-210, అదీ సీసమే. ఒకే మూలకానికి బరువులో తేడా ఉన్న రూపాలుంటాయని ఫ్రెడరిక్ సాడీ 1913లో తేల్చి వాటికి ఐసోటోపులని పేరు పెట్టారు. విడదీయడం అసాధ్యమైతే ఆ అసాధ్యాన్నే వాడుకోవచ్చునని హెవెషీకి తట్టింది. సీసంలో చిటికెడు రేడియోధార్మిక సీసం కలిపితే, అది సీసం పోయిన చోటికల్లా పోతూ తన జాడ తానే చెబుతుంది. 1923లో మొక్క వేళ్లు పీల్చుకున్న సీసం కాండంలోకి, ఆకుల్లోకి ఎంత పోయిందో ఇలాగే కనిపెట్టాడు, ఆ పద్ధతికే 1943 రసాయన నోబెల్ వచ్చింది. మన శరీరం కూడా ఇలాగే పనిచేస్తుంది. కిరాణా కొట్టువాడు నోటు వందదా ఐదువందలదా చూస్తాడు గానీ దానిమీది నంబరు చూడడు. శరీరం కూడా మూలకమేదో చూస్తుంది, కేంద్రకం నిలకడగా ఉందా లేదా అన్నది దానికి పట్టదు.

1986 ఏప్రిల్ 26న చెర్నోబిల్‌లో రియాక్టర్ పేలినప్పుడు బయటికొచ్చిన పదార్థాల జాబితా చాంతాడంత. అందులో పిల్లలకు ఎక్కువ కీడు చేసింది అయొడిన్-131. అయొడిన్ ఆవిరై గాలిలో దూరం పోగలదు. గడ్డిమీద వాలుతుంది, ఆవు మేస్తుంది, పాలలోకి వస్తుంది. ఆ పాలు తాగిన పిల్లల ఒంట్లో థైరాయిడ్ గ్రంథి దాన్ని ఏరి మరీ దాచుకుంటుంది, హార్మోను తయారీకి దానికి కావలసింది అదే. చిటికెనవేలంత గ్రంథిలో ఆ క్షయమంతా కేంద్రీకృతమైంది. పైగా ఆ ప్రాంతపు తిండిలో అయొడిన్ కొరత ఉండేది, ఆకలిగొన్న గ్రంథి మరింతగా పీల్చింది. అప్పటికి 18 ఏళ్ల లోపు ఉన్నవాళ్లలో 2005 నాటికి 6 వేలకు పైగా థైరాయిడ్ క్యాన్సర్లు బయటపడ్డాయి, వాటిలో పెద్ద భాగానికి ఈ అయొడినే కారణమని ఐక్యరాజ్యసమితి శాస్త్రీయ సంఘం అంచనా. చికిత్స అందుబాటులో ఉన్నందువల్ల మరణాలు మాత్రం తక్కువే. పొరుగునున్న పోలండ్ ప్రభుత్వం కోటికి పైగా పిల్లలకు మామూలు అయొడిన్ మందు పంచింది. గ్రంథి అప్పటికే నిండి ఉంటే కొత్తగా వచ్చినదాన్ని తీసుకోదు, అది మూత్రంలో బయటికి పోతుంది. ఈ మందు కిరణాలను ఆపదు, సీజియం నుంచి కాపాడదు. ఒక్క మూలకానికి ఒక్క తలుపు మూస్తుంది, అంతే. ఇదే తలుపును వైద్యులు తెరిచి కూడా వాడుకుంటారు. 1941లో బోస్టన్‌లో సాల్ హెర్జ్ అతిగా పనిచేస్తున్న థైరాయిడ్‌కు రేడియోధార్మిక అయొడిన్‌తోనే చికిత్స మొదలుపెట్టారు. నేటికీ థైరాయిడ్ క్యాన్సర్‌కు అదే మందు. చెర్నోబిల్ ప్రాంతపు పిల్లల్లో రోగం తెచ్చిన కేంద్రకమూ, మన ఊళ్లలో రోగులు మింగే క్యాప్సూల్‌లోని కేంద్రకమూ ఒకటే.

ఎముకల కథ ఇంతకంటే పాతది. కాల్షియం, స్ట్రాన్షియం, బేరియం, రేడియం ఆవర్తన పట్టికలో ఒకదాని కింద ఒకటి ఉంటాయి, కాబట్టి కాల్షియం కోసం ఎముక చాచిన చేతిలో మిగతావీ పడతాయి. మొదటి ప్రపంచయుద్ధం నాటి నుంచి అమెరికాలో న్యూజెర్సీ రాష్ట్రపు ఆరెంజ్ పట్టణంలో గడియారపు ముఖాలకు చీకట్లో మెరిసే రంగు వేసే పని ఉండేది. జింక్ సల్ఫైడులో రేడియం కలిపిన రంగు అది. అంకెలు సన్నగా రావాలంటే కుంచె మొన సూదిలా ఉండాలి, అందుకు కుంచెను పెదాల మధ్య పెట్టి తిప్పమని పనిలో చేరిన ఆడపిల్లలకు నేర్పేవారు. అలా తిప్పిన ప్రతిసారీ కొంత రేడియం కడుపులోకి. కొన్నేళ్లకు పళ్లూడటం, దవడ ఎముక పుచ్చిపోవడం, తర్వాత ఎముకల క్యాన్సర్లు. ఐదుగురు మహిళలు వేసిన దావా 1928లో రాజీతో ముగిసింది గానీ అప్పటికే వాళ్ల ఎముకల్లో చేరిన రేడియాన్ని తీసే మార్గం లేదు. తర్వాతి తరంలో వాతావరణంలో జరిపిన అణుబాంబు పరీక్షలు స్ట్రాన్షియం-90ని ఊరూరా చల్లాయి. సెయింట్ లూయిస్ నగరంలో 1958 నుంచి పిల్లల ఊడిన పాలపళ్లను, దాదాపు 3 లక్షలు, సేకరించి పరీక్షించారు. పరీక్షలు ఎక్కువ జరిగిన ఏళ్లలో పుట్టిన పిల్లల పళ్లలో స్ట్రాన్షియం ఎన్నో రెట్లు పెరిగిందని తేలింది. 1963లో వాతావరణ పరీక్షలను నిషేధించే ఒప్పందానికి దారితీసిన ప్రజాభిప్రాయం వెనక ఈ పళ్ల ఫలితాలు కూడా ఉన్నాయి. భయాన్ని కొలతగా మార్చిన ఆ తల్లిదండ్రుల ఓపిక మెచ్చుకోదగ్గది.

ఇందుకు పూర్తిగా భిన్నమైన ఉదాహరణ పొటాషియం. ప్రకృతిలోని పొటాషియంలో 0.0117 శాతం పొటాషియం-40, అది రేడియోధార్మికం. 70 కిలోల మనిషి ఒంట్లో సెకనుకు 4 వేలకు పైగా పొటాషియం-40 కేంద్రకాలు క్షయిస్తూనే ఉంటాయి, పుట్టిన దగ్గర్నుంచి పోయేదాకా. అరటిపండులోనూ ఇది ఉంటుంది కాబట్టి రెండు పళ్లు తింటే మోతాదు పెరుగుతుందని లెక్కలు కట్టి నవ్వించేవాళ్లున్నారు. పెరగదు. ఒంట్లో పొటాషియం ఎంతుండాలో మూత్రపిండాలు కచ్చితంగా చూసుకుంటాయి, తిన్నది మించితే ఆ మేరకు బయటికి పంపేస్తాయి. స్కానింగు గదిలో జరిగేదీ రసాయనమే. టెక్నీషియం-99ఎమ్ అనే ఆరు గంటల అర్ధాయుష్షున్న కేంద్రకాన్ని ఫాస్ఫోనేట్ అణువుకు తగిలిస్తే ఎముకల్లోకి పోతుంది, సెస్టామిబి అనే అణువుతో అయితే గుండె కండరంలోకి, డీటీపీఏతో అయితే మూత్రపిండాల్లోకి. కేంద్రకం ఒకటే, గామా కిరణం ఒకటే, తోడు మారితే చేరే చోటు మారుతుంది. నా వాదనకు ఇంతకంటే శుద్ధమైన ప్రయోగం దొరకదు.

రసాయన రూపం ఎంత తేడా తెస్తుందో రెండు ప్రమాదాలను పక్కపక్కన పెడితే కనిపిస్తుంది. 1987 సెప్టెంబరులో బ్రెజిల్‌లోని గొయానియా నగరంలో, మూతపడ్డ ఆసుపత్రిలో వదిలేసిన క్యాన్సర్ చికిత్స యంత్రాన్ని ఇద్దరు పాత ఇనుముకు అమ్ముకుందామని ఊడదీశారు. లోపలి డబ్బాలో సీజియం-137 ఉంది, సీజియం క్లోరైడు రూపంలో, అంటే వంటింటి ఉప్పుకు దగ్గరి చుట్టం లాంటి పొడి లవణం. చీకట్లో నీలంగా మెరిసింది. చూడ్డానికి బాగుందని పాతసామాను కొట్టు యజమాని ఇరుగుపొరుగుకు, బంధువులకు పంచాడు, కొందరు ఒంటికి రాసుకున్నారు. నీటిలో ఇట్టే కరిగే ఆ పొడి చేతులకు, బట్టలకు, తిండికి అంటుకుని ఇళ్లన్నీ తిరిగింది. నలుగురు చనిపోయారు, 249 మందికి అంటుకుంది, లక్షా 12 వేల మందిని పరీక్షించాల్సి వచ్చింది, ఇళ్లు కూల్చి మట్టి తవ్వి తీయాల్సి వచ్చింది. ఇంత చేసింది నూరు గ్రాముల లోపు సీజియం. 2010 ఏప్రిల్‌లో ఢిల్లీలోని మాయాపురి పాత ఇనుము మార్కెట్‌లో కోబాల్ట్-60 బయటపడింది. విశ్వవిద్యాలయ ప్రయోగశాల నుంచి వేలంలో వచ్చిన పాత పరికరంలోదది. దగ్గర్నుంచి సోకిన కిరణాలకు ఒకరు చనిపోయారు, మరికొందరు తీవ్రంగా జబ్బుపడ్డారు. కానీ కోబాల్ట్ లోహం ముక్కలుగా ఉంది. కరగలేదు, పొడై ఇళ్లకు పాకలేదు. కొలమానాలతో వెతికి ముక్కలను ఏరి తీసుకెళ్లగలిగారు. రెండూ తప్పిదాలే, రెంటిలోనూ ప్రాణాలు పోయాయి. ఒకటి మార్కెట్ దగ్గరే ఆగింది, మరొకటి నగరమంతా పాకింది. గొయానియాలో సీజియం ఒంట్లో చేరినవాళ్లకు ఇచ్చిన మందు ప్రష్యన్ బ్లూ, చిత్రకారులు వాడే నీలిరంగు. సీజియం శరీరంలో పొటాషియంలా నటిస్తూ పేగుల్లోకీ రక్తంలోకీ పదేపదే తిరుగుతుంది. ఈ రంగు స్ఫటికంలోని గూళ్లు సీజియం సైజుకు సరిగ్గా సరిపోతాయి, పేగులో దాన్ని పట్టి మలంతో బయటికి తీసుకుపోతాయి. ఒంట్లో సీజియం సగానికి తగ్గే కాలం సుమారు 110 రోజుల నుంచి 30 రోజులకు దిగుతుంది. సీజియం-137 అర్ధాయుష్షు మాత్రం ఎప్పటిలాగే 30 ఏళ్లు.

మాయాపురి మరణం ఎత్తిచూపి ఒకరు అడ్డుపడవచ్చు: అక్కడ ఎవరూ ఏదీ మింగలేదు, పీల్చలేదు, మరి రసాయనం చేసిందేముంది? న్యాయమైన అభ్యంతరం. గామా కిరణాలు శరీరాన్ని బయటినుంచే తూట్లు పొడుస్తాయి, వాటికి దూరం, అడ్డుగోడ, సమయం తప్ప మరో రక్షణ లేదు. బలమైన గామా మూలం పక్కన నిలబడ్డవాడికి అది లోహమా లవణమా అన్న చర్చ అనవసరం. ఆ మేరకు నా వాదనను కుదించుకుంటాను. కానీ ఆల్ఫా కణాల విషయంలో పరిస్థితి తలకిందులు. కాగితం, చర్మం పైపొర వాటిని ఆపేస్తాయి. లోపలికి పోతే మాత్రం, పక్కనున్న జీవకణాలన్నిటినీ చిన్న దూరంలోనే ఛిన్నాభిన్నం చేస్తాయి. 2006లో లండన్‌లో రష్యా మాజీ గూఢచారి అలెగ్జాండర్ లిత్వినెంకోను చంపింది టీలో కలిసిన పొలోనియం-210, కంటికి కనిపించని పరిమాణంలో. సీసాలో ఉన్నంతసేపు అది మోసుకొచ్చినవాడికి పెద్దగా ఏమీ చేయలేదు. అన్నట్టు పొలోనియం-210 ప్రకృతిలో ఉన్నదే, పొగాకు ఆకులోనూ ఉంటుంది. సహజమైతే మంచిది, మనిషి చేస్తే చెడ్డది అనే విభజన ఇక్కడ ఏమాత్రం పనిచేయదు.

ఇంతకంటే బలమైన అభ్యంతరం ఒకటుంది. క్షయం జరిగితే మూలకమే మారిపోతుంది, అప్పుడు మొదటి రసాయనాన్ని నమ్ముకుని ఏం లాభం? ఇది నిజం. యురేనియం-238 నిలకడైన సీసం-206 అయ్యేలోపు 14 మెట్లు దిగుతుంది, ప్రతి మెట్టులోనూ వేరే మూలకం, వేరే స్వభావం. యురేనియంగా రాతిలో బిగిసి ఉంటుంది. రేడియం-226 అయ్యాక నీటికి కొంత లొంగుతుంది. ఆ తర్వాత రేడాన్-222, ఎవరితోనూ కలవని జడవాయువు. 3.8 రోజుల అర్ధాయుష్షులో రాయి పగుళ్లలోంచి, నేల బీటల్లోంచి పైకి వచ్చి గాలి ఆడని గదుల్లో చేరుతుంది. రేడాన్ పీల్చినా చాలావరకు తిరిగి ఊపిరితోనే బయటికి పోతుంది. దాని సంతానం పొలోనియం-218 మళ్లీ లోహం, దుమ్ముకు అంటుకుని ఊపిరితిత్తుల గోడకు పట్టేస్తుంది. మేరీ క్యూరీకి పిచ్‌బ్లెండ్ ఇచ్చిన యాకిమోవ్ గనుల్లో కార్మికులు ఊపిరితిత్తుల జబ్బుతో రాలిపోవడం తరతరాలుగా తెలిసిన సంగతే, కారణం ఈ గొలుసే. పొగతాగడం తర్వాత ఊపిరితిత్తుల క్యాన్సర్‌కు ముఖ్య కారణాల్లో రేడాన్‌ను ప్రపంచ ఆరోగ్య సంస్థ చేర్చింది. కాబట్టి అభ్యంతరం సరైనదే గానీ అది మూడో ప్రశ్నను కొట్టేయదు. ఆ ప్రశ్నను ప్రతి మెట్టు దగ్గరా మళ్లీ అడగాలని చెబుతుంది, అంతే.

అణువ్యర్థాల చర్చ కూడా ఇక్కడే తప్పుదారి పడుతుంది. అందరి వేలూ ప్లుటోనియం-239 వైపే చూపిస్తుంది, 24 వేల ఏళ్ల అర్ధాయుష్షు అంటూ. 1972లో ఆఫ్రికాలోని గబోన్ దేశపు ఓక్లో గని నుంచి ఫ్రాన్స్‌కు వచ్చిన యురేనియంలో యురేనియం-235 ఉండాల్సిన 0.720 శాతానికి బదులు 0.717 ఉన్నట్టు తేలింది. ఆ చిన్న లోటును తవ్వుకుంటూ పోతే, 200 కోట్ల ఏళ్ల కిందట ఆ గనిలో కేంద్రక విచ్ఛిత్తి తనంతట తానే లక్షల ఏళ్లు నడిచిందని బయటపడింది. ప్రకృతి నడిపిన ఆ రియాక్టర్ వ్యర్థాల్లో ప్లుటోనియం పుట్టిన చోటే ఉండిపోయి యురేనియంగా క్షయించింది, అరుదైన మృత్తికా మూలకాలూ పెద్దగా కదలలేదు. సీజియం, అయొడిన్, క్రిప్టాన్, జెనాన్ జారుకున్నాయి. ఉక్కు డబ్బా లేదు, కాంక్రీటు లేదు, కట్టిపడేసింది రసాయన స్వభావం ఒక్కటే. భూగర్భ నిల్వల భద్రతను లెక్కగట్టేవాళ్లు సుదూర కాలానికి ఎక్కువగా పట్టించుకునేది అయొడిన్-129నూ టెక్నీషియం-99నూ. రుణావేశంతో నీటిలో తేలికగా సాగిపోతాయి, బంకమట్టికి అంటుకోవు. ఓక్లో ఒక్క చోటి అదృష్టమేమో, అక్కడి రాయి వేరు మన రాయి వేరు అంటే కాదనలేను. అందుకే ఒక్క అడ్డుగోడను నమ్మరు. మన దేశంలోనూ తీవ్ర రేడియోధార్మిక వ్యర్థాలను బోరోసిలికేట్ గాజులో కలిపి కరిగించి గట్టిపరుస్తారు. హైదరాబాద్ అణు ఇంధన సముదాయంలో తయారయ్యే ఇంధన బిళ్లలు కూడా నీటిలో దాదాపు కరగని యురేనియం డయాక్సైడు పింగాణీయే.

కడప జిల్లా తుమ్మలపల్లె యురేనియాన్ని ఈ కళ్లతో చూడాలి. యురేనియం నాలుగు వేలెన్సీ స్థితిలో ఉంటే నీటికి లొంగదు, ఆక్సిజన్ తగిలి ఆరుకు చేరితే కరుగుతుంది, బైకార్బొనేట్ తోడైతే మరింత స్థిరంగా నీటిలో ఉండిపోతుంది. తుమ్మలపల్లె ఖనిజం డోలమైట్ రాతిలో ఉంది, ఆమ్లం పోస్తే ఆమ్లమంతా రాయే తాగేస్తుంది, కాబట్టి సోడియం కార్బొనేట్, బైకార్బొనేట్‌తో క్షార పద్ధతిలో యురేనియాన్ని తీస్తారు. మిల్లులో ఇంజనీర్లు కావాలని చేసే ఈ పనిని తెలుగునేల గ్రానైటు ప్రాంతాల్లో బైకార్బొనేట్ ఎక్కువున్న భూగర్భజలం తనంతట తానే కొద్దికొద్దిగా చేస్తుంది, గని లేని ఊళ్ల బోర్లలో కూడా యురేనియం కనిపించడానికి ఇదో కారణం. నీటి గురించి గని పక్క ఊళ్ల రైతులు చేసే ఫిర్యాదులను దీంతో కొట్టేయడానికి వీల్లేదు. ఖనిజంలోని రేడియోధార్మికతలో పెద్ద భాగం, రేడియంతో సహా, వ్యర్థాల చెరువులోనే మిగులుతుంది, అది నీటిలోకి దిగుతోందా లేదా అన్నది యురేనియం పరీక్షతో తెలియదు. రేడియాన్ని విడిగా కొలవాలి. తాగునీటిలో యురేనియానికి ప్రపంచ ఆరోగ్య సంస్థ పెట్టిన హద్దు లీటరుకు 30 మైక్రోగ్రాములు. ఆ 30 మైక్రోగ్రాముల్లో జరిగే క్షయాలు యురేనియం ఇతర ఐసోటోపులను కలుపుకున్నా సెకనుకు ఒకటి అటూఇటూ, మన ఒంట్లో పొటాషియంవి 4 వేలు. మరి హద్దు ఎందుకు? మూత్రపిండాలకు యురేనియం భారలోహంగా చేసే చేటు వల్ల. దాని కిరణాలకంటే ముందు దాని రసాయనమే కీడు చేస్తుంది. ఇంట్లో చేయగలిగినదీ దీన్ని బట్టే. యురేనియం ఉన్న నీటిని మరిగిస్తే లాభం లేదు, నీరు తగ్గినకొద్దీ గాఢత పెరుగుతుంది. ఆర్వో పొర చాలావరకు ఆపుతుంది, అయితే ఆ యంత్రం వదిలేసే నీటిలో యురేనియం మరింత చిక్కగా ఉంటుంది, దాన్ని ఇంకుడుగుంతలోకి వదిలితే మళ్లీ బోరుకే చేరుతుంది. రేడాన్ ఉన్న నీరైతే మరిగించినా, గాలి తగిలేలా ఎత్తునుంచి పోసినా చాలు, వాయువు లేచిపోతుంది, కిటికీ మాత్రం తెరిచి ఉంచాలి.